ఆహార పరిశ్రమలో పశుహింసపై పోరు: కంచిలి, ఉద్దానం తీరం

ఆహారం కోసం పెంచే జీవాల మీద జరిగే క్రూరత్వాన్ని ఆపించడానికి, ఆగనిచోట తగ్గించడానికి సాగే ప్రయత్నాలన్నిటినీ కలిపి పశు సంక్షేమ ఉద్యమం అంటున్నారు. పెంపకం, రవాణా, వధ మూడూ దీని పరిధిలోకి వస్తాయి. మాంసాహారం మానెయ్యమని చెప్పేవారు ఇందులో ఉన్నారు. తినేవాళ్ళు తిననీ, బతికినన్నాళ్ళూ ఆ జీవిని బాధపెట్టవద్దు అనేవారూ ఉన్నారు. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఉన్న కంచిలి ఈ చర్చలోకి వచ్చేది ముఖ్యంగా రోడ్డు వల్ల. ఒడిశా నుంచి ఇచ్ఛాపురం మీదుగా దిగే 16వ నంబరు జాతీయ రహదారి కంచిలి, పలాస, టెక్కలి దారిన విశాఖపట్నం వైపు సాగిపోతుంది. పశువుల లారీలు, కంటైనర్లు నడిచే దారి ఇదే. అందుకే ఇక్కడ పశుహింస అనగానే జనానికి గుర్తొచ్చేది పోలీసులు ఆపిన లారీ. సంఖ్యల్లో చూస్తే మాత్రం క్రూరత్వంలో పెద్ద వాటా లారీలో లేదు. అది కోళ్ళ కేజీల్లో, చేపల చెరువుల్లో, రొయ్యల హేచరీల్లో ఉంది. తెలుగునాట ఉద్యమం ఇంకా ఆ వైపు సరిగ్గా తిరగలేదు.

ప్రాంతం, పశువు

కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల నేలను ఉద్దానం అంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా గంజాం జిల్లా. సరిహద్దు గీత అప్పుడు పడింది గాని, రెండు వైపులా బంధుత్వాలు, సంతలు, పశువుల బేరాలు అంతకు ముందు నుంచీ ఉన్నవే. సోంపేట దగ్గరి ‘బీల’ చిత్తడి నేలల్లో పశువులు మేసేవి, తోటల్లో నాటుకోళ్ళు తిరిగేవి. ఇప్పటికీ ఆ బతుకు పూర్తిగా పోలేదు. 2010లో బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం తిరగబడ్డప్పుడు వాళ్ళు కాపాడుకోజూసిన వాటిలో పశువుల మేత నేల కూడా ఉంది.

పాత పద్ధతిలో నొప్పి లేదని కాదు. వాతలు పెట్టడం, గిత్తల వట్టలు నలగ్గొట్టడం, ముక్కు కుట్టడం ఊళ్ళలో అందరూ చూసినవే. అయితే పెయ్యకు జబ్బు చేస్తే ఇంటిల్లిపాదికీ తెలిసేది, ఎద్దు మేత ముట్టకపోతే యజమానికి నిద్ర పట్టేది కాదు. ఒక్క షెడ్డులో పదివేల కోళ్ళు చేరాక ఏ కోడికి ఏం జరిగిందో చూసేవారు లేరు. పరిశ్రమ తెచ్చిన అసలు మార్పు ఇది. మనుషులు చెడ్డవాళ్ళు కాలేదు, చూసే కన్ను పోయింది.

ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుకు పని తగ్గింది. పాడి కోసం జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతులు పెంచాక పుట్టే కోడెదూడకు సాలలో చోటు లేదు. వట్టిపోయిన ఆవుకు ఏడాది పొడుగునా గడ్డి వేసే స్తోమత రెండెకరాల రైతుకు ఉండదు. కోటబొమ్మాళి మండలం నారాయణవలస, విజయనగరం జిల్లాలోని అలమండ, మానాపురం సంతలకు ఈ పశువులే చేరుతున్నాయి. రైతు చేతిలోంచి పలుపు బేరగాడి చేతిలోకి మారాక ఆ పశువు దుక్కికి పోతుందో కబేళాకు పోతుందో అమ్మినవాడికి తెలియదు. చాలామంది అడగరు కూడా.

రోడ్డు మీద

సరుకు రవాణా లారీలో ఆరు పశువుల కన్నా ఎక్కువ ఎక్కించకూడదని 1978 నాటి పశు రవాణా నిబంధనలు చెబుతున్నాయి. ప్రయాణానికి తగినవేనని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. నీళ్ళు, మేత, ప్రథమ చికిత్స పెట్టె, వెంట ఒక మనిషి ఉండాలి. 2015లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం ఒక్కో ఆవుకు, గేదెకు రెండు చదరపు మీటర్ల చోటు, వాహనంలో శాశ్వతంగా బిగించిన అరలు ఉండాలి. గొర్రెకు, మేకకు 0.3 చదరపు మీటరు.

ఆపిన కంటైనర్ తలుపు తీస్తే కనిపించేది వేరు. తల వంచడానికి వీల్లేకుండా ముక్కుతాళ్ళు పైకి లాగి కమ్మీలకు కట్టి ఉంటాయి. కాళ్ళ కింద పేడ, మూత్రం కలిసి జారుడు. పట్టు కోసం తన్నుకులాడిన గిట్టలు చిట్లి నెత్తురు కారుతుంటాయి. ఒకటి పడిపోయిందంటే లేవలేదు. పక్కవాటికి అడుగు వేయడానికి వేరే చోటు ఉండదు గనక దాని మీదే నిలబడతాయి. పడ్డవాటిని లేపడానికి తోక మెలిపెట్టి విరచడం, కళ్ళలో కారం కొట్టడం దేశమంతటా జంతు సంక్షేమ కార్యకర్తలు పదేపదే నమోదు చేసిన పద్ధతులు. లారీ ఆగినప్పుడు అప్పటికే ఊపిరాడక చచ్చినవి అడుగున ఉంటాయి.

ఆ తర్వాత కథ పత్రికల్లో రాదు. పంచనామా అవుతుంది, కేసు రాస్తారు, పశువులను గోశాలకు తోలుతారు. వాటి పోషణ ఖర్చు ఎవరిదన్నది అక్కడ మొదలయ్యే తగువు. స్వాధీనం చేసుకున్న పశువుల సంరక్షణపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఖర్చు నిందితుడు, వాహన యజమాని భరించాలన్నాయి. ఆ సొమ్ము చేతికొచ్చేదాకా గోశాల నడిపేవాడే గడ్డి కొనాలి. పశువులు తమవేనని, తిరిగి ఇప్పించమని వ్యాపారులు కోర్టులో అర్జీ వేస్తారు. కేసు తేలేసరికి కొన్ని చచ్చిపోతాయి. పట్టుకోవడంతో కార్యకర్తల పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది.

రాత్రిపూట, టార్పాలిన్ కప్పి, ఇరికించి తోలడానికి దొరికిపోతామన్న భయం కూడా ఒక కారణం. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ఆవునూ దూడలనూ వధించడాన్ని పూర్తిగా నిషేధించింది. ఎద్దులు, గేదెల విషయంలో అధికారి ధ్రువపత్రం ఉంటే వధకు అనుమతి ఉంది. చట్టబద్ధమైన బేరం కూడా అనుమానానికి, దాడికి జడిసి చీకట్లో నడుస్తున్నప్పుడు దాని బరువు మోసేది లోపలున్న పశువే. కాగితాలు సరిగా ఉన్న లారీని పగటిపూట, నీళ్ళ తొట్ల దగ్గర ఆగుతూ పోనిస్తే ఈ బాధలో సగం తగ్గుతుందని ఈ రచయిత నమ్మకం. రోడ్డు మీద మనిషిని కొట్టి పశువును కాపాడానని చెప్పుకోవడం పశు సంక్షేమం కాదు.

2017 మేలో కేంద్రం సంతల్లో వధ కోసం పశువుల అమ్మకాన్ని నిషేధిస్తూ నిబంధనలు తెచ్చింది. మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం వాటిని వారంలోనే నిలిపివేసింది. హైదరాబాద్ నుంచి కూడా సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. జూలైలో సుప్రీంకోర్టు ఆ నిలుపుదలను దేశమంతటికీ వర్తింపజేసింది. వధ కోసం అమ్మకాల నిషేధం మీద జరిగిన గొడవలో అదే నిబంధనల్లోని మంచి అంశాలు, అంటే సంతలో నీడ, నీరు, ఎక్కించే దిమ్మెలు, పశువైద్యుడు, ఎవరికీ పట్టకుండా పోయాయి.

చట్టం చరిత్ర

బ్రిటన్ పార్లమెంటు 1822లో పశువుల పట్ల క్రూరత్వాన్ని శిక్షించే చట్టం చేసింది. 1861లో కలకత్తాలో మన దేశపు తొలి జంతు హింస నివారణ సంఘం పుట్టింది. 1890 నాటి వలస చట్టం చాలదని, 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన కళాక్షేత్ర స్థాపకురాలు రుక్మిణీదేవి అరుండేల్ సొంతంగా ఒక బిల్లు పెట్టారు. ప్రభుత్వమే సమగ్రమైన బిల్లు తెస్తుందని నెహ్రూ హామీ ఇచ్చాక ఆమె దాన్ని ఉపసంహరించుకున్నారు. అలా వచ్చిందే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. దాని కింద 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ బోర్డుకు ఆమే తొలి అధ్యక్షురాలు.

ఆ చట్టం 11వ సెక్షన్ కొట్టడం, మోయలేని బరువు మోయించడం, బాధ కలిగేలా రవాణా చేయడం, కదలడానికి చాలని బోనులో ఉంచడం నేరమంటుంది. ఆహారం కోసం చంపడాన్ని అనవసర బాధ లేనంతవరకు మినహాయించింది. శిక్ష తొలి తప్పుకు 10 రూపాయల నుంచి 50 రూపాయల జరిమానా. మూడేళ్ళలో మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. 1960లో ఆ యాభై రూపాయలకు విలువ ఉండేది. ఇవాళ లారీ నిండా పశువులను ఇరికించినవాడికి అది దారిలో టీ, టిఫిన్ ఖర్చు. 2022లో కేంద్రం ఈ చట్టానికి సవరణ ముసాయిదా తయారుచేసి ప్రజాభిప్రాయానికి పెట్టింది.

2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టానికి కొత్త బలం ఇచ్చింది. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి, భయం లేకుండా, సహజంగా మెలిగే వీలుతో బతకడం అనే ఐదు స్వేచ్ఛలను చట్టంలోని 3, 11 సెక్షన్లలో భాగంగా చదవాలంది. బ్రిటన్‌లో 1964లో రూత్ హారిసన్ రాసిన ‘యానిమల్ మెషీన్స్’ పుస్తకం రేపిన దుమారంతో 1965లో వచ్చిన బ్రాంబెల్ కమిటీ నివేదిక ఈ ఐదు స్వేచ్ఛలకు మూలం. ఆ పుస్తకం కోళ్ళ ఫారాలు, దూడల పెట్టెల గురించే. పరిశ్రమగా మారిన పశుపోషణ మీద తొలి పెద్ద విమర్శ అది.

కబేళాలకు 2001 నిబంధనలున్నాయి. చూడి పశువును, మూడు నెలలు నిండని దూడను, అంత చిన్న దూడ ఉన్న తల్లిని వధించకూడదు. ఒక పశువును మరొక పశువు కళ్ళెదుట చంపకూడదు. ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువుల కన్నా ఎక్కువ పరీక్షించకూడదు. సంత రోజున ఏ ఊళ్ళోనైనా మాంసం కొట్ల ముందు, తోటి మేక తోలు ఒలుస్తుంటే పక్కనే కట్టేసి ఉన్న మేకను చూసినవాళ్ళకు కళ్ళెదుట చంపకూడదన్న నిబంధన ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. దేవాలయ ప్రాంగణాల్లో జంతుబలిని నిషేధించిన 1950 నాటి చట్టం ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉంది. గ్రామదేవతల సంబరాల్లో దాని మాట ఎత్తేవారు తక్కువ.

కోళ్ళు

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది. 2019 పశుగణన ప్రకారం రాష్ట్రంలో కోళ్ళ సంఖ్య పది కోట్ల పైమాటే. 1971లో హైదరాబాద్‌లో వెంకటేశ్వర హేచరీస్ నెలకొల్పిన బి.వి.రావు ఈ పరిశ్రమకు పునాది వేసినవారిలో ముఖ్యుడు. దళారుల చేతుల్లో నలుగుతున్న రైతుకు గిట్టుబాటు ధర ఇప్పించాలని 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. రైతు కోణంలో అది గొప్ప విజయం. పేదవాడికి చౌకగా మాంసకృత్తులు అందాయి. కోడి కోణంలో ఏం జరిగిందన్నది చాలాకాలం ఎవరూ అడగలేదు.

గోదావరి జిల్లాల్లో తణుకు, అనపర్తి చుట్టూ ఉన్న లేయర్ (గుడ్ల కోళ్ళ) ఫారాల్లో కోళ్ళను తీగ కేజీల్లో వరసలుగా ఉంచుతారు. ఒక్కో కోడికి దక్కేది సుమారు 450 చదరపు సెంటీమీటర్లు, జానెడు పొడుగు, జానెడు వెడల్పు. ఆ చోటులో రెక్క విప్పలేదు, మట్టిలో పొర్లలేదు, గూడు వెతుక్కోలేదు. కాళ్ళ కింద వాలుగా ఉన్న తీగల మీదే ఏడాదికి పైగా నిలబడి మూడు వందలకు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం ఎముకల నుంచి పోతుంది, కదలిక లేక ఎముకలు పెళుసవుతాయి. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొస కాల్చి కత్తిరిస్తారు. గుడ్లు తగ్గాక కొన్నాళ్ళు మేత ఆపి ఈకలు రాల్పించి మళ్ళీ గుడ్లకు తెచ్చే పద్ధతి ఉండేది. ఆకలితో మాడ్చి ఈకలు రాల్పించడం చట్ట విరుద్ధమని జంతు సంక్షేమ బోర్డు 2011లో ఆదేశించింది.

లేయర్ హేచరీలో పుట్టే పుంజు పిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి త్వరగా ఎదగదు. పరిశ్రమ లెక్కలో అది వ్యర్థం. పుట్టిన రోజే చంపేస్తారు, లేదా అగ్గువకు అమ్మేస్తారు. సంతల్లో, తీర్థాల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్ది బుట్టల్లో అమ్మే పిల్లల్లో చాలా భాగం ఇవే. పిల్లవాడు ముచ్చటపడి కొనుక్కున్న ఆ రంగుల కోడిపిల్ల రెండు మూడు రోజుల్లో చచ్చిపోవడం మన ఇళ్ళలో చాలామందికి అనుభవమే. జర్మనీ 2022 జనవరి నుంచి పుంజు పిల్లలను ఇలా చంపడాన్ని నిషేధించింది.

ఐరోపా సమాఖ్య 1999లో చేసిన నిర్ణయంతో 2012 నుంచి అక్కడ బ్యాటరీ కేజీలనే ఈ పాత తరహా తీగ కేజీలు పోయాయి. అదే ఏడాది మన జంతు సంక్షేమ బోర్డు కేజీలు 11వ సెక్షన్‌కు విరుద్ధమని, 2017 నాటికి తీసేయాలని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. సలహా సలహాగానే ఉండిపోయింది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదిక మొత్తాన్ని కోళ్ళ పెంపకానికి, రవాణాకు కేటాయించింది. 2019లో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా ఒక్కో కోడికి 550 చదరపు సెంటీమీటర్లు చాలంది. ఇన్నేళ్ళ పోరాటానికి అదనంగా దక్కబోయింది అరచెయ్యంత చోటు. ఇది సంస్కరణ అనిపించుకోదు.

మాంసపు కోళ్ళ వైపు కేజీలు లేవు, ఇరుకు ఉంది. కంపెనీ పిల్లలను, దాణాను ఇచ్చి, షెడ్డు, కూలి రైతువి చేసి, ఎదిగిన కోడి బరువును బట్టి కిలోకు ఇంత అని చెల్లించే ఇంటిగ్రేషన్ పద్ధతి శ్రీకాకుళం జిల్లాలోనూ పాతుకుంది. నలభై రోజులకు రెండు కిలోలు దాటేలా జాతిని మలిచారు గనక ఒళ్ళు పెరిగినంత వేగంగా కాళ్ళు, గుండె పెరగవు. కుంటి కోడి తొట్టి దాకా నడవలేక నీళ్ళకు మాడుతుంది. షెడ్డు రైతుకు చోటు పెంచే అధికారం లేదు, ఒప్పందంలో కోళ్ళ సంఖ్య కంపెనీదే. ఉద్యమకారులు ఆ రైతును శత్రువుగా చూస్తే పొరపాటు చేసినట్టే.

ఇరుకుకు మరో ధర ఉంది. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని కానూరు, వేల్పూరుల్లో బర్డ్‌ఫ్లూ బయటపడి కోళ్ళను మూకుమ్మడిగా చంపి పూడ్చారు. దాణాలో కలిపే కొలిస్టిన్ అనే యాంటీబయోటిక్‌ను, మనుషులకు ప్రాణాపాయంలో వాడే చివరి మందుల్లో ఒకటి గనక, కేంద్రం 2019లో నిషేధించింది. 2018 అక్టోబరు 11న వజ్రపుకొత్తూరు తీరంలో తిత్లీ తుపాను దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు పశువులు, కోళ్ళు కూడా పోయాయి. కట్టు విప్పితే పశువు ఎత్తుకు పారిపోగలదు, షెడ్డులో బందీ అయిన కోడి ఎక్కడికీ పోలేదు.

పాలు

పాలు చేపడానికి ఇంజెక్షన్ వేయడాన్ని 1960 చట్టం 12వ సెక్షన్ నిషేధించింది. కలకత్తాలో ఆవుల పట్ల సాగిన ఇలాంటి క్రూర పద్ధతి గురించి విన్నాకే గాంధీజీ ఆవు, గేదె పాలు మానేశారు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు పిండే అలవాటు పట్టణ డెయిరీల్లో ఉంది. సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుకుని వదిలే ఆచారం ఉత్తరాంధ్రలో బలమైనది. తల్లికి దూరమైన లేత దూడలు అక్కడ జబ్బు చేసి చనిపోవడం మీద విశాఖ జంతు ప్రేమికులు ఎన్నో ఏళ్ళు కొట్లాడారు. పాడి లెక్కలో మిగులైన కోడెదూడే చాలాసార్లు మొక్కుబడి దూడ అవుతోందని ఒప్పుకోవాలి.

చేప, రొయ్య

చేపల, రొయ్యల ఉత్పత్తిలోనూ రాష్ట్రానిదే మొదటి స్థానం. 2019లో మొదలైన ఫిష్ వెల్ఫేర్ ఇనిషియేటివ్ అనే సంస్థ కొల్లేరు ప్రాంతంలో బొచ్చె, శీలావతి పెంచే రైతులతో పనిచేస్తోంది. చెరువులో పిల్లల సంఖ్యకు హద్దు పెట్టుకోవడం, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవడం, తగ్గితే నీటికి గాలి పట్టించే ఏరియేటర్ వేయడం లాంటి మామూలు పనులు. ఆక్సిజన్ పడిపోయినప్పుడు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయని ఏ చెరువు రైతైనా చెబుతాడు. చేపకు హాయి, రైతుకు నష్టం తప్పడం ఇక్కడ ఒకే పనితో జరుగుతాయి. అందుకే ఈ నమూనా కేకలు లేకుండా నడుస్తోంది.

రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టేందుకు దాని ఒక కంటి కాడను చిదిమేస్తారు, లేదా కత్తిరిస్తారు. గుడ్ల ఎదుగుదలను ఆపే హార్మోన్ ఆ కాడలోని గ్రంథి నుంచి వస్తుంది గనక. కన్ను తీయకుండానూ పిల్ల ఉత్పత్తి సాధ్యమని స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. బ్రిటన్ 2022 చట్టంలో రొయ్యలు, పీతలను బాధ తెలిసిన జీవులుగా గుర్తించింది. మన తీరంలో ఆక్వాకల్చర్‌ను నియంత్రించే 2005 చట్టం భూమి, నీరు, పర్యావరణం చూసుకుంటుంది, రొయ్య బాధ మాట దానిలో లేదు. ఉద్దానం తీరపు చెరువుల రైతు హేచరీని పిల్ల ధర, నాణ్యతతో పాటు ఈ సంగతి కూడా అడగవచ్చు. కొనేవాడు అడిగితే అమ్మేవాడు మారతాడు.

తెలుగునాట ఉద్యమ పాయలు

విశాఖపట్నంలో 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం ఉత్తరాంధ్రలో పశువుల అక్రమ రవాణాపై పనిచేసిన ముఖ్య సంస్థ. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో బ్లూక్రాస్ స్థాపించారు. అప్పటి మెదక్ జిల్లా రుద్రారంలో అల్‌కబీర్ యాంత్రిక కబేళా మీద 1990లలో నడిచిన ఆందోళన ఉమ్మడి రాష్ట్రంలో ఈ కోవలో అతి పెద్దది. ఆ వ్యాజ్యం 2006లో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది, కబేళా మూతపడలేదు. పిరమిడ్ ధ్యాన ఉద్యమాన్ని నడిపిన సుభాష్ పత్రి ఊరూరా శాకాహార ర్యాలీలు తీయించారు. చాలామంది మానేశారు కూడా. అయితే తినడం మానినవాడి ఇంట్లో పాలు, ఆ పాల వెనకున్న దూడ మాట ర్యాలీల్లో అంతగా రాలేదు.

మరో దారి ప్రయోగశాలది. జీవకణాల నుంచి మాంసం పెంచే పరిశోధనకు హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.), చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం పూనుకోగా 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులు ఇచ్చింది.

ఎవరు ఏం తింటారన్నది మన సమాజంలో కులంతో, మతంతో ముడిపడిన ప్రశ్న. గొడ్డుమాంసం తినే దళితుడిని, ముస్లింను దోషిగా నిలబెట్టి, కేజీలో గుడ్లు పెట్టించే పెట్టుబడిని వదిలేస్తే ఉద్యమానికి నైతిక బలం ఉండదు. ఆవు మీద చూపే జాలిలో పదో వంతు కోడి మీద, చేప మీద చూపితే కాపాడగల ప్రాణాల లెక్క మారిపోతుంది.

బడి పిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రంలో గుడ్లు కొనే పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. కంచిలి బడిలో పిల్లవాడి పళ్ళెంలోని గుడ్డు తీసెయ్యమని ఎవరూ అడగకూడదు, ఆ గుడ్డు వాడికి కావాలి. అడగవలసింది గుడ్ల టెండరులో కోడికి ఇవ్వాల్సిన చోటు గురించి ఒక్క షరతు చేర్చమని. కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా జంతు హింస నివారణ సంఘం ముందు ఆ అర్జీ పెట్టే హక్కు ఉద్దానంలో ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. దయచేసి పెట్టండి.